నాలుగు పళ్లేల ధరకు యాభై ప్రాణాలు: సైప్రస్ పాలకులకు బహిరంగ లేఖ

లార్నకా, ఏప్రిల్ 2024

గౌరవనీయులైన సైప్రస్ గణతంత్ర పార్లమెంటు సభ్యులకు, మంత్రులకు, ఈ ద్వీపంలోనే ఉన్న అక్రోటిరి, డెకీలియా బ్రిటిష్ సైనిక స్థావర ప్రాంతాల పాలనాధికారులకు,

నమస్కారాలు. నేను తొమ్మిదేళ్లుగా లార్నకా జిల్లాలో కుటుంబంతో ఉంటూ, ఇక్కడే ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడే పన్ను కడుతున్న తెలుగువాణ్ణి. మా ఇంటి వెనుక పొలాల్లో తెల్లవారుజామున సాగుతున్న పిట్టల వేట గురించి 2022 శరత్కాలం నుంచి ఇప్పటివరకు మూడుసార్లు రాతపూర్వకంగా, అంతకు రెట్టింపు సార్లు ఫోనులో, సంబంధిత కార్యాలయానికి విన్నవించుకున్నాను. మొదటి లేఖకు ఒక నమోదు సంఖ్య వచ్చింది. మిగిలిన రెండింటికి అదీ రాలేదు. అందువల్ల అదే విషయాన్ని ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. గ్రీకు, ఇంగ్లీషు ప్రతులను మీకు విడిగా పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది: ఈ ద్వీపంలో చదువుకుంటున్న, పని చేస్తున్న మా వాళ్లలో చాలామందికి తమ కళ్లెదుట జరుగుతున్నది నేరమని తెలియదు, తెలిసిన కొద్దిమందికీ ఎవరితో చెప్పుకోవాలో తెలియదు.

సైప్రస్ విస్తీర్ణం 9,251 చదరపు కిలోమీటర్లు. మా పాత నెల్లూరు జిల్లా కంటే చిన్నది. ఇంత చిన్న నేల మీద 400కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయంటే, అది మూడు ఖండాల నడుమ సముద్రంలో ఉండడమే కారణం. తూర్పు ఐరోపాలో గూళ్లు కట్టిన చిన్న పిట్టలు ఆగస్టు చివరి నుంచి దక్షిణానికి బయలుదేరి, మధ్యధరా సముద్రాన్ని, ఆ తరువాత సహారా ఎడారిని దాటి ఆఫ్రికా చేరుకోవాలి. ఆ రెండు గండాల మధ్య వాటికి దొరికే మజిలీ ఈ ద్వీపం. ఒంట్లో కొవ్వు కరిగిపోయి, రెక్కలు బరువెక్కిన స్థితిలో ఇక్కడి పొదల మీద వాలి, నాలుగు పురుగులు, నాలుగు పండ్లు తిని మళ్లీ ఎగరవలసిన ప్రాణులవి.

వచ్చిపోయేవే కాదు, ఇక్కడ తప్ప లోకంలో మరెక్కడా గూడు కట్టని పక్షులూ ఉన్నాయి. సైప్రస్ వార్బ్లర్, సైప్రస్ వీటియర్ ఈ నేల మీదే పిల్లలను చేస్తాయి. ట్రూడోస్ కొండల అడవుల్లో రాత్రిపూట పలికే చిన్న గుడ్లగూబను ఈమధ్యనే ఈ ద్వీపానికే చెందిన వేరే జాతిగా శాస్త్రవేత్తలు గుర్తించారు. వీటియర్ సైప్రస్‌లోనే పుట్టినా చలికాలానికి సూడాన్, ఇథియోపియా వైపు వెళ్లి వసంతంలో తిరిగి వస్తుంది. అక్రోటిరి కొండకొమ్ముల మీద గూళ్లు కట్టే ఎలియనోరా డేగ సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది: మిగిలిన పక్షుల్లో చాలావరకు వసంతంలో పిల్లలను పెంచితే, ఇది శరత్కాలపు వలస పిట్టలు వచ్చే వేళకు తన పిల్లలు ఆకలిగొనేలా గుడ్లు పెట్టడాన్నే వాయిదా వేసుకుంటుంది. చలికాలంలో లార్నకా, అక్రోటిరి ఉప్పు సరస్సుల్లో వేల సంఖ్యలో దిగే ఫ్లెమింగోలను చూసినప్పుడల్లా నాకు పులికాట్ సరస్సు, సూళ్లూరుపేట గుర్తుకొస్తాయి. ఇక్కడి తీగల మీద మే నెలలో కూర్చునే నీలి పక్షి మా పాలపిట్టకు దగ్గరి చుట్టం. దసరా నాడు దాన్ని చూడటం శుభమని మా పెద్దలు ఊరి పొలిమేర దాటి వెళ్లేవారు.

ఇప్పుడు వేట విషయానికి వస్తాను. "అంబెలోపూలియా" అంటే ద్రాక్షతోట పిట్టలు. ప్రధానంగా బ్లాక్‌క్యాప్ అనే, ఇరవై గ్రాముల వరకే తూగే పాటల పిట్టను ఉడికించో, వేయించో, ఊరవేసో వడ్డించే వంటకానికి ఇదే పేరు. పట్టే పద్ధతులు రెండు. ఒకటి బంక పుల్ల. సిరియన్ ప్లమ్ అనే చెట్టు పండ్ల జిగురును సన్న పుల్లలకు పట్టించి పొదల్లో గుచ్చుతారు. ఆ చెట్టు మా వైపు విరిగి అనీ, బంకనక్కెర అనీ పిలిచే చెట్టుకు దగ్గరి బంధువు. చిన్నప్పుడు ఆ పండ్ల బంకతో మేము గాలిపటాలు అంటించుకున్నాము. అదే బంకకు పిట్ట కాళ్లు, రెక్కలు అతుక్కుని తలకిందులుగా వేలాడుతుంటే చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. రెండవది వల. అకేసియా చెట్ల వరసల మధ్య దారులు నరికి, కంటికి కనపడనంత సన్నని నల్ల వలలు నిలువునా కట్టి, అర్ధరాత్రి నుంచి స్పీకర్లలో పిట్టల పాటల రికార్డులు వేస్తారు. చీకట్లో పైన ఎగురుతున్న పిట్టలు తమ జాతి పాట విని, కింద మేత ఉందనుకుని దిగుతాయి. తెల్లవారుతుండగా చెట్ల మీదికి గులకరాళ్లు విసిరి వాటిని వలల్లోకి తోలుతారు. వలకు గాని, బంకకు గాని ఎంపిక తెలియదు. పసిరిక పిట్టలు, కోకిలలు, గుడ్లగూబలు, లకుముకి పిట్టలు, ఇలా 150కి పైగా జాతులు ఇక్కడి ఉచ్చులలో చిక్కుకున్నట్టు నమోదైంది. వాటిలో తినడానికి పనికిరానివాటిని చంపి పొదల్లోకి విసిరేస్తారు.

మా ఇంట్లో మేము వినేది ఆ రికార్డు పాటే. 2022 సెప్టెంబరులో ఒక రాత్రి రెండున్నరకు మా అమ్మాయి లేచి, "నాన్నా, ఇంత చీకట్లో పిట్టలు ఎందుకు పాడుతున్నాయి?" అని అడిగింది. నిజమైన పిట్ట ఆగి ఆగి పాడుతుంది. ఆ పాట మాత్రం ఒకే ముక్క, ఒకే విరామం, ఉదయం ఆరు దాకా. నేను ఫోను చేశాను. మనుషులను పంపిస్తామన్నారు; ఎవరూ రాలేదు. తరువాతి ఏడు కూడా అదే పొలం, అదే పాట.

ఇది ఆచారమని వాదించేవారి మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. 16వ శతాబ్దంలో, వెనీసు పాలన కాలంలోనే, ఈ పిట్టలను జాడీల్లో ఊరవేసి వెనీసుకు ఎగుమతి చేసినట్టు ప్రయాణికులు రాసిపెట్టారు. మాంసం దొరకని పేద రైతు ఇంటివారు ఏడాదికి కొన్ని రోజులు నాలుగు పిట్టలు పట్టుకుని తిన్న కాలం ఉందనడంలో సందేహం లేదు. కానీ నైలాను వలలు, స్పీకర్లు, నీటి గొట్టాలు వేసి పెంచిన అకేసియా తోటలు, ఫ్రీజర్లు, డజనుకు 40 నుంచి 80 యూరోలు పలికే రహస్య పళ్లేలు ఆ పేద రైతు ఆచారం కావు. ఇది వ్యాపారం. ఈ ద్వీపంలో వలలు, బంక పుల్లలు 1974 నుంచే నిషిద్ధం. 2004లో మీరు ఐరోపా సమాఖ్యలో చేరినప్పుడు, అడవి పక్షులను కాపాడే 1979 నాటి సమాఖ్య చట్టానికి, అంటే పక్షుల ఆదేశానికి, కట్టుబడతామని మరోసారి మాట ఇచ్చారు.

అయినా జరుగుతున్నది ఎంత? 2015లో పక్షుల సంరక్షణకు పనిచేసే బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ సంస్థ వెలువరించిన అధ్యయనం మధ్యధరా ప్రాంతమంతటా ఏటా సుమారు 2.5 కోట్ల పక్షులు చట్టవిరుద్ధంగా చనిపోతున్నాయని, అందులో సైప్రస్ వాటా దాదాపు 23 లక్షలని అంచనా వేసింది. ఈజిప్టు, ఇటలీ వంటి పెద్ద దేశాల పక్కన ఈ చిన్న ద్వీపం పేరు వినపడడం ఎవరికీ గౌరవం కాదు. 2016 శరత్కాలంలో డెకీలియా స్థావర ప్రాంతం ఒక్కదానిలోనే 8 లక్షలకు పైగా పిట్టలు పోయాయని లెక్క తేలింది. తరువాతి ఏడు, అంటే 2017లో, అదే చోట ఆ సంఖ్య 2.6 లక్షలకు పడిపోయింది. ఈ ఒక్క సంవత్సరంలో పిట్టల రుచి మారలేదు, ఆచారమూ మారలేదు. స్థావర పోలీసులు గస్తీ పెంచారు, డ్రోన్లు ఎగరేశారు, పట్టుకున్నవారిని కోర్టుకు తెచ్చారు. అంతే. చట్టాన్ని అమలు చేస్తే ఏమవుతుందో ఈ ద్వీపపు నేల మీదే రుజువైంది కనుక, "ఇది ఆపలేని పని" అన్న జవాబును నేను అంగీకరించలేను.

స్థావరాల బయట, గణతంత్రం పాలించే ప్రాంతంలో మాత్రం అడుగులు వెనక్కి పడ్డాయి. 2019లో వేట నిరోధక పోలీసు దళాన్ని రద్దు చేశారు. 2020 డిసెంబరులో, పార్లమెంటు ఎన్నికలకు మరో ఐదారు నెలలు ఉండగా, బ్లాక్‌క్యాప్‌తో సహా 14 జాతుల చిన్న పిట్టలను 50 వరకు చంపినవారికి విధించే అక్కడికక్కడి జరిమానాను 2,000 యూరోల నుంచి 200 యూరోలకు తగ్గించారు. దయచేసి ఒక చిన్న లెక్క వేయండి. 50 పిట్టలంటే డజను చొప్పున నాలుగు పళ్లేలు, పైన రెండు పిట్టలు. నాలుగు పళ్లేల మీద 160 నుంచి 320 యూరోలు వస్తాయి. అంటే ఒక రాత్రి పట్టుబడితే ఆ రాత్రి ఆదాయం పోతుంది, లేదా కొంత మిగులుతుంది కూడా. పట్టుబడని మిగతా రాత్రులన్నీ లాభమే. ఇలాంటి మొత్తాన్ని మా ఊరి సంతలో శిక్ష అనరు, ఆశీలు అంటారు. 2023 శరత్కాలంలో దాదాపు 4,35,000 పిట్టలు చనిపోయాయని, అది ముందటేటి 3,45,000 కంటే 90,000 ఎక్కువని ఇక్కడి పక్షి సంరక్షణ సంస్థ బర్డ్‌లైఫ్ సైప్రస్ అంచనా. ఆ 90,000 కేవలం ఈ జరిమానా వల్లనే అని నేను అనను. కానీ తగ్గుతూ వచ్చిన వేట మళ్లీ పెరుగుతున్న సమయంలో శిక్షను పదో వంతు చేసి ఉంచడానికి మీరు చెప్పగల కారణం ఏదైనా ఉంటే వినాలని ఉంది.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతున్నదో వరుసగా విన్నవిస్తాను.

1. భయం. మా పక్క పొలం యజమాని ఎనభై దాటిన గ్రీకు సైప్రియట్ పెద్దాయన. తన హద్దులో ఎవరో వలలు కట్టారని ఆయనకు తెలుసు. "బాబూ, ఎవరో తెలిస్తే ఇంకా కష్టం" అని నాతో అన్నారు. వేట మీద నిఘా వేసే స్వచ్ఛంద కార్యకర్తల మీద దాడులు జరిగిన ద్వీపం ఇది. లక్షల యూరోలు చేతులు మారే చోట ముఠాలు ఉంటాయి. ముఠాలున్న ఊళ్లో తన సొంత పొలానికి చీకటితో వెళ్లడానికి రైతు జంకుతాడు.

2. వలస కార్మికులు. ఇది మా వాళ్ల విషయం గనుక కొంచెం వివరంగా రాస్తాను. చదువుకోవడానికి వచ్చి, ఫీజు కోసం హోటళ్లలో గిన్నెలు కడిగే, పొలాల్లో కూలి చేసే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన గోదావరి జిల్లా కుర్రవాడొకడు ఒక భోజనశాల వంటింట్లో పని చేసేవాడు. శరత్కాలంలో సంచుల్లో వచ్చిన పిట్టల ఈకలు పీకే పని అతనికి అప్పగించారు. మెనూలో లేని పళ్లెం అది; అడిగిన వారికే, తెలిసిన వారికే వడ్డిస్తారు. అది నేరమని అతనికి నేను చెప్పేదాకా తెలియదు. తెలిసిన తరువాత మానేస్తే ఉద్యోగం పోతుంది, మానకపోతే సోదా జరిగిన రోజు వంటింట్లో చేతికి ఈకలతో దొరికేది అతనే, యజమాని కాదు. యజమానికి 200 యూరోలు ఒక పూట వ్యాపారం; ఆ కుర్రవాడికి నివాస అనుమతి అంటే అప్పు చేసి పంపిన తల్లిదండ్రుల ఇల్లు. చివరికి అతను మానేశాడు. రెండు నెలలు పని దొరకలేదు. అతను ఫిర్యాదు చేయలేదు, నేను బలవంతపెట్టలేదు. అలా ఫిర్యాదు చేసినవాడికి రక్షణ ఉందని చెప్పడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.

3. నిజాయితీగల భోజనశాలలు. చట్టానికి లోబడి ఈ పళ్లెం వడ్డించనని చెప్పిన యజమాని శరత్కాలపు వారాంతాల్లో తన ఖాతాదారులు పక్క ఊరికి వెళ్లడం చూస్తూ కూర్చోవలసి వస్తున్నది. తనిఖీలు వలల దగ్గరే ఆగిపోయి వంటిళ్ల దాకా రాకపోతే, చట్టం పాటించినవాడే నష్టపోతాడు. ఏ పశువైద్యుడూ చూడని మాంసాన్ని జనం తినడం దీనికి తోడు.

4. పొలాలు, నీళ్లు. వలలు దాచుకోవడానికి పెంచిన అకేసియా ఈ నేలది కాదు, ఆస్ట్రేలియాది. వేసవిలో చుక్క వాన పడని ద్వీపంలో, పంటలకు నీళ్లు లెక్కగట్టి ఇచ్చే చోట, పిట్టలను చంపే తోపులకు గొట్టాలతో నీళ్లు పారాయి. ఇక పిట్టలే చేసే పని వేరు. వేటను అదుపు చేయవలసిన ప్రభుత్వ వన్యప్రాణి విభాగమే, బర్డ్‌లైఫ్ సైప్రస్‌తో కలిసి, ఎలుకల కోసం పొలాల్లో విషం చల్లకుండా ఉండేందుకు తెల్ల గుడ్లగూబలకు చెక్క గూళ్లు పెట్టించింది. నేను మనసారా మెచ్చుకునే పని అది. ఒక చేత్తో గుడ్లగూబకు గూడు పెట్టి, రెండో చేత్తో గుడ్లగూబ చిక్కే వలను 200 యూరోలకు వదిలేయడం రైతుకు అర్థం కాదు, నాకూ అర్థం కాలేదు.

5. లార్నకా సరస్సు. 2024 మొదటి నెలల్లో ఉప్పు సరస్సులో ఫ్లెమింగోలు సీసపు విషంతో చనిపోయాయి. సరస్సు ఉత్తరపు ఒడ్డున దాదాపు 18 ఏళ్ల క్రితం మూసేసిన తుపాకీ సాధన మైదానం నుంచి పడిన గుళ్లు ఇంకా బురదలోనే ఉన్నాయి. మేత అరగడానికి చిన్న రాళ్లు మింగే అలవాటున్న పక్షులు, భారీ వానలకు పైకి తేలిన ఆ గుళ్లను రాళ్లనుకుని మింగుతున్నాయి. చిత్తడి నేలల్లో సీసపు గుళ్లను ఐరోపా సమాఖ్య 2023 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. కానీ ఇప్పటికే బురదలో ఉన్నదాన్ని నిషేధం పైకి తీయదు. అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2001 నుంచి ఉన్న సరస్సు ఇది. హాలా సుల్తాన్ తెక్కె మసీదు పక్కన ఆ గులాబీ రంగు బారులను చూడటానికే చలికాలంలో జనం వస్తారు, ఆ జనాన్ని నమ్ముకుని టాక్సీ నడిపేవారు, కాఫీ అమ్మేవారు ఉన్నారు. మా పిల్లల్ని ఆదివారం అక్కడికే తీసుకువెళతాము. ఫిబ్రవరిలో ఒడ్డున పడి ఉన్న పక్షిని చూసి మా అమ్మాయి అడిగిన దానికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఇవి నా విన్నపాలు. జరిమానాను వెంటనే 2,000 యూరోలకు తిరిగి తెండి, రెండోసారి పట్టుబడినవారిని అక్కడికక్కడ డబ్బు కట్టించుకుని వదలకుండా కోర్టుకు పంపండి. రద్దు చేసిన పోలీసు దళాన్ని ఈ ఆగస్టు లోపల, రాత్రి గస్తీకి సరిపడా మనుషులతో, మళ్లీ ఏర్పాటు చేయండి. భోజనశాలల్లో సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ముందస్తు సమాచారం లేకుండా తనిఖీలు జరిపి, పట్టుబడిన చోట పనివాళ్లను కాక లైసెన్సు ఉన్న యజమానిని బాధ్యుణ్ణి చేయండి. స్థావర పాలకులకు నా మనవి: 2017లో మీరు చేసి చూపించినందుకు కృతజ్ఞతలు, కానీ డెకీలియా ప్రాంతపు తీరంలోని పైలా అగ్రంలో అకేసియా తొలగింపు స్థానికుల నిరసనతో 2016లో ఆగిన చోట ఆగిపోకూడదు, ఊరివారితో కూర్చుని మాట్లాడి పూర్తి చేయండి. లార్నకా సరస్సు అడుగున ఉన్న సీసాన్ని తీయడానికి తేదీలతో కూడిన ప్రణాళికను ప్రకటించండి. అన్నిటికంటే సులువైనది, ఖర్చు లేనిది చివర అడుగుతున్నాను: ఫిర్యాదు చేసినవారికి ముప్పై రోజుల్లో ఏమి చేశారో రాతపూర్వకంగా చెప్పండి, ఫిర్యాదు చేసిన విదేశీ కార్మికుడి నివాస అనుమతికి ఆ కారణంగా ముప్పు రాదని స్పష్టంగా ప్రకటించండి.

సైప్రస్‌లో ఉన్న తెలుగువారికి రెండు మాటలు. పరాయి దేశంలో మనకెందుకు అనుకోవద్దు. పులికాట్ దగ్గరి నేలపట్టులో గూడబాతుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని ఊరివారే వాటిని కాచుకున్నారు; అదే మన రాష్ట్రాల్లో చెరువుల దగ్గర వలలు వేసి బాతులను అమ్మేవారూ ఉన్నారు, కాబట్టి మనం ఎవరికీ నీతులు చెప్పే స్థితిలో లేము. చేయగలిగింది చేయండి: ఆ పళ్లెం ఎవరు పెట్టినా తినకండి, వలలు మోసే పనికి, ఈకలు పీకే పనికి ఒప్పుకోకండి, రాత్రి రికార్డు పాట వినపడితే చోటు, తేదీ, గంట రాసి పెట్టుకుని ఫోను చేయండి. వలల దగ్గరికి మాత్రం ఒంటరిగా వెళ్లకండి.

అధికారులకు మళ్లీ. ఆగస్టు చివరి వారంలో పిట్టలు దిగడం మొదలవుతుంది. గత రెండు శరత్కాలాల్లో మా ఇంటి వెనుక ఆ పాట వినపడిన ప్రతి రాత్రి తేదీ, మొదలైన గంట, ఆగిన గంట ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచాను. మీ తరఫున ఎవరు వచ్చినా దాన్ని అప్పగిస్తాను, ఆ పొలం హద్దు దాకా నేనే తోడు వచ్చి చూపిస్తాను.

భవదీయుడు,
లార్నకా జిల్లాలో నివసిస్తున్న ఒక తెలుగువాడు